అక్క తాగిన పచ్చి కాఫీ

మా నాయన దూది ఏకే పని మానేసి కాఫీ గింజలు వేయించే పనిలోకి దిగినప్పుడు నాకు పన్నెండేళ్లు. తొంభైల మొదటి సంవత్సరాలవి. పరుపులు, దిండ్లు కుట్టడం మా ఇళ్లలో తాతల నాటి నుంచి వస్తున్న పని. ఏళ్ల తరబడి దూది నుసిలో కూర్చున్నందుకు నాయనకు దగ్గు పట్టుకుంది. దగ్గు తెర వస్తే మాట మధ్యలోనే ఆగిపోయేది. "ఇంగొక్క చలికాలం దూదిలో కూచుంటే నన్ను మీరు చూడరు" అని ఒకరోజు అమ్మతో అని, ఆ వారంలోనే ఆ పని వదిలేశాడు. హిందూపురం బజారులో కాఫీ పొడి అమ్మే ఒక కన్నడ పెద్దాయన దగ్గర ఏడాది పాటు పని నేర్చుకుని, తర్వాత సొంతంగా చిన్న అంగడి పెట్టాడు. నలభై అయిదేళ్ల వయసులో, పిల్లల తండ్రి, ఇంకొకరి దగ్గర కొత్తగా పని నేర్చుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియదు.

గింజలు చిక్కమగళూరు వైపు నుంచి గోతాల్లో వచ్చేవి. వేయించని కాఫీ గింజను చాలామంది చూసి ఉండరు. బూడిద కలిసిన పచ్చ రంగులో, రాయిలాగా గట్టిగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాఫీ వాసన అసలు రాదు. ఆరిన గడ్డి వాసన, అప్పుడే వొలిచిన శనక్కాయల వాసన కలిసినట్టుంటుంది. బడి నుంచి వచ్చాక నేనూ మా అక్కా చేటలు ముందేసుకుని గింజలు ఏరేవాళ్లం. నల్లబడినవి, పురుగు తొలిచినవి, తేమ తగిలి బూజు పట్టినవి తీసి పక్కన పడేయాలి. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. నేను ఒక చేట ముగించేలోపు తను రెండు ముగించేది.

ఆ వేళ్ల చురుకు చూసే ధర్మవరం వాళ్లు తనను కోడలిగా చేసుకున్నారని అమ్మ నవ్వుతూ అనేది. పట్టుచీరలు నేసే ఇల్లది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను మెలిపెట్టి అతికించాలి. వేల పోగులు, ఒక్కొక్కటీ వెంట్రుక మాదిరి. అక్క ఆ పని రెండేళ్లలో నేర్చుకుంది. పక్క వీధుల వాళ్లు కూడా వచ్చి పిలుచుకుపోయేంత పేరు తెచ్చుకుంది.

కానీ అది కదలకుండా కూర్చుని చేసే పని. ఇద్దరు పిల్లలు పుట్టాక అక్క ఒళ్లు బాగా పెరిగింది. ముప్పై అయిదు రాకముందే షుగరు, దాని వెనకాలే బీపీ వచ్చాయి. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం రెండు. "ఈ వయసుకే మాత్రల డబ్బీ పెట్టుకుని తిరగతాండా చూడు" అని సిగ్గుపడేది. ఎవరైనా ఇంటికి వస్తే ఆ డబ్బీని బియ్యం డబ్బా వెనక దాచేది.

నాకు హిందూపురంలోనే పెళ్లయింది కాబట్టి నేను అంగడి వదల్లేదు. నాయనకు దగ్గు పూర్తిగా పోలేదు. పొగ దగ్గర ఎక్కువసేపు నిలబడలేడు. వేయించే డ్రమ్ము దగ్గర నేను, గల్లా దగ్గర నాయన. అలా పదేళ్లు గడిచాయి.

రెండు వేల సంవత్సరం దాటాక ఏడెనిమిదేళ్లకు అనుకుంటాను, మా దగ్గర ఎప్పుడూ పొడి తీసుకునే ఒక రిటైర్డ్ టీచరు వచ్చి, "అమ్మా, వేయించకుండా గింజలే ఇస్తావా?" అని అడిగాడు. బెంగళూరులో ఉన్న ఆయన కూతురు చెప్పిందట, గ్రీన్ కాఫీ తాగితే బరువు తగ్గుతారని, షుగరు కూడా తగ్గుతుందని. నాయన నవ్వాడు.

"సార్, వేయించంది కాఫీ ఎట్లయితాది? దాన్ని పశువులకు పెట్టినా తినవు."

ఆయన పట్టు వదల్లేదు. నేను పావు కిలో తూచి ఇచ్చాను. నెలకల్లా మరో నలుగురు వచ్చారు. తర్వాత ఒక పత్రిక ఆదివారం సంచికలో దాని గురించి ముక్క వచ్చింది. పచ్చి గింజలో ఏదో మేలు చేసే పదార్థం ఉంటుందని, వేయిస్తే అది చాలావరకు పోతుందని రాశారు. అది చదివినప్పుడు నాకు కలిగిన ఉత్సాహం ఇప్పటికీ గుర్తుంది. ఇన్నేళ్లుగా మా చేతుల్లో ఉన్న గింజే మందు అని ఎవరో చెబితే ఎందుకు సంతోషం కలగదు? మరునాడే ఒక అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసి అంగడి ముందు వేలాడదీశాను: "గ్రీన్ కాఫీ లభించును. బరువు తగ్గుటకు, షుగరు వ్యాధికి మంచిది."

నాయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"నువ్వు డాక్టరువా పాపా?"

"అందరూ అంటాండారు కదా నాయనా. పేపర్లో కూడా వచ్చింది."

"కాఫీ బాగుండాదని రాయి, ఎవురూ అడగరు. రోగానికి మంచిదని రాస్తే దానికి మనం జవాబు చెప్పాల."

నేను వినలేదు. నాయనకు కొత్త సంగతులు తెలియవని అనుకున్నాను.

ఆ నెలలోనే అక్క ఒక పెళ్లికని హిందూపురం వచ్చి, అంగడి ముందు ఆ అట్ట చూసింది.

"నిజంగానే షుగరు తగ్గుతాదంటావా?"

"తగ్గుతాదంటక్కా. శానామంది తీసకపోతాండారు."

"ఎట్ల చేయాల?"

ముందురోజే గింజలు నానబెట్టి, పొద్దున ఆ నీళ్లతోనే ఉడికించి, వడగట్టుకుని తాగమని చెప్పాను. "మూడు పూట్లా తాగచ్చా?" అని అడిగింది. "తాగచ్చులే, ఏం కాదు. కషాయం మాదిరే కదా" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందే. ఎక్కడా చదివింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. ఆ క్షణంలో తోచింది అనేశాను, అంతే. కిలో గింజలు ఏరి, మంచివి మాత్రమే సంచిలో వేసి ఇచ్చాను.

రెండు నెలలు గడిచాయి. అక్క ఫోన్ చేసినప్పుడల్లా గొంతులో హుషారు. నాలుగు కిలోలు తగ్గిందట. రవికెలు వదులైనాయట. బావ వచ్చినప్పుడల్లా గింజలు పంపించాను. "నిద్ర పట్టకపోతే ఏమైంది, పని ఎక్కువ అవుతాంది" అని ఒకసారి నవ్వుతూ అంది. నేనూ నవ్వాను.

ఒక ఆదివారం పొద్దున ప్యాసింజరు రైలెక్కి ధర్మవరం వెళ్లాను. అక్క మగ్గం దగ్గర కూర్చుని పోగులు అతుకుతోంది. మనిషి సన్నబడిన మాట నిజమే. కానీ బుగ్గలు లోపలికి పోయి, కళ్ల కింద నల్లగా ఉంది. నేను పక్కన కూర్చుని చూస్తుండగానే ఒక పోగు తెగింది. దాన్ని పక్కకు తోసి ఇంకొకటి అందుకుంది. అదీ తెగింది. అప్పుడు చూశాను, తన చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నేను చూస్తున్నానని తెలిసి చేతులు కొంగు కింద పెట్టుకుంది.

"ఏమైందక్కా?"

"నిద్ర చాలలేదు, అంతే. ఎవరితోనూ అనొద్దు."

తన అత్త గుమ్మం దగ్గర నుంచి, "నెల నుంచి ఇంతేనమ్మా. పోయిన వారం ఒకరింట్లో పని సగంలో వదిలేసి వచ్చేసింది" అని చెప్పింది. అక్క తల ఎత్తలేదు. నేను డాక్టరు దగ్గరికి పోదామన్నాను. వచ్చే శుక్రవారం పెనుకొండ దర్గాకు పోవాలని మొక్కు ఉంది, అది తీరాక చూద్దామంది. సరే అన్నాను. ఆ రోజే బలవంతంగా తీసుకెళ్లి ఉంటే ఎంత బాగుండేది!

శుక్రవారం నేను హిందూపురం నుంచి సోమందేపల్లి మీదుగా బస్సులో, అక్క ధర్మవరం నుంచి రైలులో పెనుకొండ చేరాం. దర్గాలో ఫాతిహా చదివించేదాకా ఏమీ తిననని మొక్కుకుందట. పొద్దున లేచి పచ్చి కాఫీ మాత్రం రెండు గ్లాసులు తాగి వచ్చింది. ఎండ ఇంకా ఎక్కలేదు. దర్గా ముందు చెప్పులు విడుస్తూ అక్క నా భుజం పట్టుకుంది.

"మే, గుండె చూడు ఎట్ల కొట్టుకుంటాందో. గొంతులోకి వచ్చినట్టుండాది."

నేను చెయ్యి వేసేలోపే మెట్టు మీద కూలబడింది. ఒళ్లంతా చెమట. పెదాలు పాలిపోయాయి. పూలమ్మే ఒకామె పరుగున వచ్చి నీళ్లు చల్లింది. ఇద్దరం కలిసి ఆటోలో ఎక్కించుకుని, దగ్గరలో ఉన్న ఒక లేడీ డాక్టరు క్లినిక్‌కు తీసుకెళ్లాం.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. మాట తక్కువ. బీపీ చూసింది, వేలు పొడిచి షుగరు చూసింది, గుండెకు ఈసీజీ తీయించింది. అక్కను మంచం మీద పడుకోబెట్టి, గుండె దడ కొంచెం తగ్గేదాకా ఏమీ అడగలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"బీపీ శానా ఎక్కువుండాది. షుగరు కూడా. మాత్రలు వేసుకుంటాండావా?"

అక్క ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"ఎన్ని దినాలైంది మానేసి?"

"నెలన్నర మేడమ్. బరువు తగ్గుతాంది కదా, ఇంగ అక్కర్లేదులే అనుకుంటి."

మాత్రలు మానేసిందని నాకు అప్పటిదాకా తెలియదు.

"బరువు ఎట్ల తగ్గింది? ఏం తింటాండావు, ఏం తాగుతాండావు?"

అక్క నా వైపు చూసింది. నన్ను కాపాడాలని చూసిన చూపు అది. అబద్ధం చెప్పబోతోందని నాకు అర్థమైంది.

"పచ్చి కాఫీ గింజల నీళ్లు మేడమ్" అన్నాను నేను. "నేనే ఇచ్చినా. మాది కాఫీ పొడి అంగడి. మూడు పూట్లా తాగచ్చని కూడా నేనే చెప్పినా."

"మూడు గ్లాసులా?" అని డాక్టరమ్మ అక్కను అడిగింది.

"అయిదారు" అంది అక్క. "పెద్ద గ్లాసుతో. ఆకలి కాకుండా ఉంటాదని అన్నం బదులు కూడా తాగుతాంటి."

డాక్టరమ్మ కోప్పడితే బాగుండునని అనిపించింది. ఆమె కోప్పడలేదు. ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసి, పాఠం చెప్పినట్టు చెప్పింది.

"చూడమ్మా. వేయించనంత మాత్రాన అది కాఫీ కాకుండా పోదు. కెఫీన్ దాంట్లోనూ ఉంటాది. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, కడుపులో మంట. బీపీ ఉన్నవాళ్లకు అది ఇంకా పెరగొచ్చు. ఈమెకు వచ్చింది అదే."

"మరి మేలు చేస్తుందని పేపర్లో రాసినారు మేడమ్."

"అబద్ధం రాయలేదు. పచ్చి గింజలో ఎక్కువగా ఉండే పదార్థం ఒకటి ఉంది. అది షుగరును, బీపీని, బరువును కొంచెం తగ్గిస్తుందేమో అని పరీక్షలు చేస్తాండారు. 'కొంచెం' అంటాండా, 'ఏమో' అంటాండా. ఆ రెండు మాటలూ జనానికి వినబడవు. మాత్రకు బదులు అది ఎప్పటికీ కాదు. ఇంకో సంగతి, మాత్రలు వేసుకుంటూ ఇది కూడా ఎక్కువగా తాగితే, కొందరికి షుగరు ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే అడగకుండా మొదలుపెట్టకూడదు."

కడుపుతో ఉన్నవాళ్లు కెఫీన్ బాగా తగ్గించాలని, రక్తం తక్కువ ఉన్నవాళ్లు అన్నంతో పాటు కాఫీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదని, నిద్ర పట్టనివాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలని కూడా చెప్పింది. నేను అన్నీ ఆ కాగితం మీద రాసుకున్నాను. బూజు పట్టిన గింజల సంగతి అడిగితే, "వాటిని అస్సలు వాడొద్దు, వేయించినా వేయించకపోయినా" అంది.

సాయంత్రం దాకా అక్కను అక్కడే ఉంచుకుని, మళ్లీ మాత్రలు మొదలుపెట్టించి పంపింది. రైల్వే స్టేషనులో బెంచీ మీద కూర్చున్నప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం మాత్రలు మానుకోమని చెప్పలేదు కదా. అది నా తప్పు."

"మూడు పూట్లా తాగమని చెప్పింది నేనే కదా" అన్నాను. "నీ తప్పు నువ్వు దిద్దుకో. నాది నేను దిద్దుకుంటా."

మరునాడు పొద్దున్నే అంగడి తెరిచి, ముందు ఆ అట్ట దించి ముక్కలు చేశాను. నాయనకు జరిగిందంతా చెప్పాను. "నేను అప్పుడే చెప్పలేదా" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. గల్లా పెట్టె మూసి నా వైపు తిరిగాడు.

"అట్ట దించితే చాలునా? తీసకపోయినోళ్లు ఎంతమంది?"

ఆలోచించాను. మా దగ్గర కొనేవాళ్లలో చాలామంది ముఖం తెలిసినవాళ్లే. గుర్తు చేసుకుంటూ రాస్తే పదిహేడు మంది తేలారు.

"పో, అందర్నీ అడిగి రా" అన్నాడు. "డ్రమ్ము నేను చూసుకుంటా."

"పొగ నీకు పడదు నాయనా."

"ముక్కుకు తువ్వాలు కట్టుకుంటాలే. నువ్వు పో."

తొమ్మిది రోజులు తిరిగాను. కొందరి ఇళ్లు సందులు వెతికి పట్టుకున్నాను. రిటైర్డ్ టీచరు రోజుకు ఒక చిన్న కప్పే, అదీ టిఫిన్ తిన్నాకే తాగుతున్నాడు. బీపీ లేదు. నేను చెప్పింది శ్రద్ధగా విని, "నాకైతే బరువేం తగ్గలేదమ్మా, అలవాటై తాగతాండా" అన్నాడు. ఒకాయన గుమ్మంలోనే నిలబెట్టి, "అమ్మేటప్పుడు మంచిదంటివి, ఇప్పుడు చెడ్డదంటాండావు. ఏది నమ్మాల?" అని గట్టిగా అడిగాడు. "రెండూ నిజమే సార్. అప్పుడు సగం చెప్పినా, మిగతా సగం చెప్పేదానికి వచ్చినా" అన్నాను. ఆయన తలుపు వేసుకున్నాడు. నేను కదల్లేదు. కిటికీ దగ్గర నిలబడి, మాత్రలు మానొద్దని, నిద్ర పట్టకపోతే ఆపేయమని గట్టిగా రెండుసార్లు చెప్పి వచ్చాను.

సోమందేపల్లిలో రోడ్డు పక్కన సోడా అంగడి నడిపే ఒకామె మా దగ్గర అరకిలో తీసుకుంది. వెళ్లి చూస్తే కాన్పు అయిన తర్వాత పెరిగిన ఒళ్లు తగ్గాలని కొన్న మనిషి, ఇప్పుడు మళ్లీ మూడో నెల. అయినా పొద్దునా సాయంత్రం తాగుతోంది. కాఫీ కాదు కదా, ఆకుపచ్చది కదా అనుకుందట. నేను చెబుతుంటే ఆమె ముఖం తెల్లబోయింది.

"బిడ్డకు ఏమన్నా అయ్యుంటాదా అక్కా?"

"నాకు తెల్దమ్మా. తెల్దు కాబట్టే ఇంగ నేను ఏమీ చెప్పను. రా, పోయి అడుగుదాం."

అప్పటికప్పుడు సోడా అంగడి మూయించి, బస్సెక్కించి, పెనుకొండ డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయాను. పరీక్ష చేసి, ఇప్పటికైతే కంగారు పడాల్సింది ఏమీ కనబడలేదని, ఇకమీదట తాగొద్దని, నెలనెలా చూపించుకోమని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకా ఎంతమంది ఉండారు?" అని అడిగింది. ఆరుగురు అన్నాను. "అయితే పో" అంది. ఆ ఏడాది వానలు పడ్డాక సోడా అంగడి ఆమెకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

అక్క చేయాల్సింది నా పని కంటే కష్టమైంది. కాఫీ ఒక్కసారిగా మానేసరికి నాలుగు రోజులు తల పగిలిపోయేంత నొప్పి. డాక్టరమ్మ ముందే చెప్పింది, అలా ఉంటుందని, రోజుకింత తగ్గించుకుంటూ రమ్మని. అక్క వినలేదు. "ఒక్క గ్లాసు లోపలికి పోతే రెండోది అడుగుతాది, నా సంగతి నాకు తెలుసు" అని, తలకు గుడ్డ కట్టుకుని ఓర్చుకుంది. తగ్గిన నాలుగు కిలోల్లో మూడు మళ్లీ వచ్చాయి. అది చూసుకుని ఫోన్‌లో ఏడ్చింది. అదొక్కసారే.

తర్వాతి సోమవారం నుంచి తెల్లవారగానే నడక మొదలుపెట్టింది. మొదట్లో వీధి చివరి దాకా, తర్వాత స్టేషను దాకా, ఆ తర్వాత ఊరి బయట శనక్కాయల చేల దాకా. వీధిలో ఆడవాళ్లు చీర కట్టుకుని ఊరికే నడవడం అప్పటికి ఇంకా కొత్త. "యాడికి పోతాండావమ్మా ఇంత పొద్దున్నే?" అని అడిగేవాళ్లు. "యాడికీ లేదు, నడస్తాండా" అని చెప్పి ఆగకుండా పోయేది. సంగటి ముద్ద సగం చేసింది. ఆకుకూర రెండింతలు చేసింది. మాత్రల డబ్బీ బియ్యం డబ్బా వెనక నుంచి తీసి, అందరికీ కనబడేలా గూట్లో పెట్టింది. గంటకోసారి పోగుల మీద నుంచి లేచి, మగ్గం చుట్టూ పది సార్లు తిరిగి మళ్లీ కూర్చునేది. బావ మొదట్లో విసుక్కున్నాడు. నెల తిరిగేసరికి తనూ లేచి తిరగడం మొదలుపెట్టాడు.

నేను పదిహేను రోజులకోసారి వెళ్లేదాన్ని. మూడో నెలలో ఒక మధ్యాహ్నం, నేను చూస్తుండగా రెండు గంటలపాటు పోగులు అతికింది. ఒక్కటీ తెగలేదు. నేను లెక్కపెడుతున్నానని తనకు తెలుసు. చివరి పోగు మెలిపెట్టి, చేతులు నా ముందు చాపింది. "చూడు" అంది. అంతే. ఆరు నెలలకు డాక్టరమ్మ సాయంత్రం మాత్రల్లో ఒకటి తగ్గించింది. బరువు నెమ్మదిగా తగ్గుతోంది, నెలకు కిలో కూడా కాదు. అక్క దానికే సంతోషించింది.

అంగడిలో పచ్చి గింజలు అమ్మడం మానేద్దామా అని నాయనను అడిగాను. మానేస్తే వాళ్లు ఇంకెక్కడో కొంటారని, అక్కడ అడిగేవాళ్లు ఉండరని ఆయన అన్నాడు. కాబట్టి అమ్మాం, కానీ అడిగి అమ్మాం. షుగరు మాత్రలు వేసుకుంటున్నారా? బీపీ ఉందా? నిద్ర బాగా పడుతుందా? ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారా? జవాబు చెప్పడం ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోయేవాళ్లు. ఏమీ ఇబ్బంది లేనివాళ్లకు, రోజుకు ఒక చిన్న కప్పు, ఏదైనా తిన్నాక, సాయంత్రం పూట వద్దు అని చెప్పి ఇచ్చేదాన్ని. వేయించే గింజల్ని ఒకసారి ఏరితే, వీటిని రెండుసార్లు ఏరేదాన్ని. షుగరుకు మందని చెప్పి తిరిగి అమ్ముకోవడానికి ఐదు కిలోలు అడిగిన ఒకాయనకు మాత్రం గింజ కూడా ఇవ్వలేదు. ఆయన అరుస్తుంటే నాయన గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఆ మరుసటి ఏడాది అనుకుంటాను, నేను ధర్మవరంలో ఉన్న రోజున, అక్క వాళ్ల వీధికి దగ్గర్లోని కల్యాణమండపంలో ఏదో కంపెనీ వాళ్లు మీటింగు పెట్టారు. ఆరోగ్యం గురించి చెబుతారని, టిఫిన్ కూడా పెడతారని ఆడవాళ్లంతా వెళ్తుంటే మేమూ వెళ్లాం. టై కట్టుకున్న ఒకాయన వేదిక మీద మెరిసే ప్యాకెట్టు ఒకటి పైకెత్తి చూపించాడు. గ్రీన్ కాఫీ పొడి. అక్క నా మోచెయ్యి నొక్కింది.

ఆయన బాగా మాట్లాడేవాడు. నవ్వించాడు కూడా. చివర్లో, "మూడు నెలలు ఇది తాగండమ్మా, మీ షుగరు మాత్రలు తీసుకుపోయి చెత్తబుట్టలో వేయండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో అక్క లేచి నిలబడింది. నలుగురిలో గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు మా అక్క.

"సార్, మీరు డాక్టరా?"

"కాదమ్మా, నేను హెల్త్ అడ్వైజర్ని."

"దీంట్లో కెఫీన్ ఉండాదా?"

"ఇది నేచురల్ అమ్మా. కెమికల్ ఏమీ ఉండదు."

"నేచురలా కాదా అని అడగలేదు సార్. కెఫీన్ ఉండాదా లేదా?"

ఆయన నవ్వి వేరే ఎవరి ప్రశ్నకో చెయ్యి చూపించాడు. అక్క కూర్చోలేదు. ఆయన వైపు కాకుండా, కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఉండాది. నేను తాగితి. ఇది నమ్మి మాత్రలు మానేస్తి. చేతులు వణికి పోగులు అతకలేకపోతి, మీలో కొందరి ఇండ్లలోనే పని సగంలో వదిలేసి వస్తి. పెనుకొండలో మెట్ల మీద పడిపోతి. తాగాలనుకున్నోళ్లు డాక్టరును అడిగి ఒక కప్పు తాగండి, నేను వద్దనను. మాత్రలు మాత్రం మానొద్దండి."

వేదిక మీద ఆయన, "ఒక్కొక్కరి శరీరం ఒక్కో రకంగా ఉంటుంది" అని ఏదో సర్దిచెప్పబోయాడు. కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు బల్ల దగ్గర వరసలో నిలబడి ప్యాకెట్లు కొన్నారు. అక్క మాటతో అందరూ మారిపోయారని రాస్తే అది నిజం కాదు. కొన్నవాళ్లే ఎక్కువ.

మేం బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే, అరవై ఏళ్ల ఒక పెద్దామె వెనకాలే వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. ఆమె చేతిలో, వీళ్ల ముందటి మీటింగులో కొన్న ప్యాకెట్టు ఒకటి సగం ఖాళీగా ఉంది.

"అమ్మా, నేను పది దినాల నుంచి మాత్రలు వేసుకోలేదు. కొడుకుతో చెప్పలేదు. రెండు దినాల నుంచి కండ్లు మసకగా ఉండాయి."

అక్క ఆమెను తిట్టలేదు, భయపెట్టలేదు. "ఈ పొద్దు ఏమన్నా తిన్నావా అవ్వా?" అని అడిగింది. తిన్నానని ఆమె తలూపింది. అక్క ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎండకు తలమీద కొంగు సర్ది, ప్రభుత్వ ఆసుపత్రి వైపు నడక మొదలుపెట్టింది. నేను ఇంకో పక్క నడిచాను. దారి పొడవునా అక్క ఆమెకు తన సంగతే చెబుతూ వచ్చింది. తలనొప్పి ఎన్ని రోజులుండేదో, నడక మొదట్లో ఎంత కష్టంగా ఉండేదో, మాత్ర మరచిపోకుండా ఏం చేస్తుందో అన్నీ చెప్పింది. చీటీ రాయించుకుని, వరసలో కూర్చున్నాం. పెద్దామె వంతు వచ్చినప్పుడు అక్క కూడా లేచి, ఆమెతో పాటే లోపలికి వెళ్లింది.